దారం వదిలే విద్య

అండమాన్ పగడపు దిబ్బల మీద గాలం వేయాలనుకునేవారికి రీలే సగం బలం. దాన్ని ఎంచుకునే ముందు పెట్టె మీది అంకెల కన్నా తెలుసుకోవలసిన సంగతులు చాలా ఉన్నాయి.

పగడపు దిబ్బ మీది చేప గాలానికి పడగానే దూరంగా పారిపోదు. దాని ఇల్లు అక్కడే, రెండు మూడు బారల దూరంలో, ఏదో ఒక రాతి సందులో ఉంటుంది. గ్రూపర్ అయితే ఎర నోట పడిన మరుక్షణమే వెనుదిరిగి ఆ సందులోకి దూరుతుంది. మొప్పలు ఉబ్బించి, రెక్కలు బిగదన్ని కూర్చుంటుంది. ఆపైన ఎంత లాగినా రాదు. దారం పగడపు అంచుకు రాసుకుని తెగిపోతుంది. చేప మనదో కాదో తేలడానికి రెండు మూడు సెకన్లు చాలు.

అదే దిబ్బ అంచున తిరిగే జెయింట్ ట్రెవల్లీ తీరు వేరు. గాలం వేసేవాళ్లు జీటీ అని పిలుచుకునే ఈ చేప ఎరను కొట్టిన ఊపులోనే పదుల మీటర్ల దారం లాక్కుపోతుంది. ఈ జాతిలో అంతర్జాతీయ రికార్డుకెక్కిన చేప 2006లో జపాన్‌లోని తొకరా దీవుల దగ్గర దొరికింది, బరువు 72.8 కిలోలు. అండమాన్‌లో పడేవి అందులో సగం ఉన్నా చాలు, అంగుళం కూడా కదలనివ్వనని మనిషి మొండికేస్తే దారమైనా తెగుతుంది, రాడ్డయినా విరుగుతుంది.

ఒక చేపకు దారం ఇవ్వకూడదు. ఇంకో చేపకు ఇవ్వక తప్పదు. ఈ రెండు పనులూ చేయవలసింది ఒకే రీలు. అంగట్లో మాత్రం మనం అడిగే ప్రశ్నలు ఎంత వేగంగా చుడుతుంది, ఎన్ని బేరింగులున్నాయి, రంగేమిటి అనే చోటే ఆగిపోతాయి. నా నమ్మకం ఇది: రీలు గుణం దారాన్ని చుట్టడంలో కన్నా వదలడంలో తెలుస్తుంది. ఎంత బిగువుతో వదులుతుంది, ఎంత నునుపుగా వదులుతుంది, పదోసారి కూడా మొదటిసారి లాగే వదులుతుందా అన్నది చూసుకుంటే మిగతా లెక్కలన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

తెలుగు వినిపించే దిబ్బలు

మన దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా నాలుగు చోట్ల ఉన్నాయి. అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ. వీటిలో సరదాకు, పట్టుదలకు గాలం వేసేవాళ్లు ఎక్కువగా వెళ్లేది అండమాన్‌కే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. 2024 నుంచి శ్రీ విజయపురమని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ రేవు వైపు నడిస్తే శ్రీకాకుళం యాస వినబడుతుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు ఎన్నో. రీళ్ల సంగతి ఎలా ఉన్నా ఆ నీళ్ల సంగతి తెలుసుకోవాలంటే వాళ్లనే అడగాలి.

ఆ దిబ్బల మీద తిరిగే ఒక చేపకు విశాఖపట్నంతో చుట్టరికం ఉంది. స్నాపర్లలో ఒక జాతి పేరు లుట్జానస్ రస్సెల్లి. ఆ రస్సెల్ ఎవరో కాదు, మన రక్తపింజరికి ఇంగ్లిషులో ఎవరి పేరు ఉందో ఆ పాట్రిక్ రస్సెల్. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, విశాఖ తీరంలో పడే రెండు వందల చేపలను బొమ్మలతో వర్ణించి 1803లో రెండు సంపుటాలుగా అచ్చువేయించాడు. జాలరులు వాటిని పిలిచే తెలుగు పేర్లనే తనకు వినబడినట్టు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1849లో బ్లీకర్ అనే డచ్చి వైద్యుడు ఈ స్నాపర్‌కు శాస్త్రీయ నామం పెడుతూ రస్సెల్‌ను గుర్తుచేసుకున్నాడు. అండమాన్‌లో మీ గాలానికి ఈ చేప పడితే దాన్ని పుస్తకానికెక్కించింది విశాఖ తీరమేనని గుర్తుంచుకోండి.

ఇక నేల సంగతి. అండమాన్‌లో ఎక్కువగా ఉన్నవి తీరాన్ని అంటిపెట్టుకున్న దిబ్బలు. ఐదారు మీటర్ల లోతులో పగడాల బల్లపరుపు, దాని అంచు దాటగానే ఒక్కసారిగా దిగిపోయే వాలు. ఇరవై మీటర్లు, నలభై, ఎనభై. పడవ కొంచెం కొట్టుకుపోతే చాలు, కింద లోతు రెట్టింపవుతుంది. దీనికి తోడు పోటుపాట్ల వేళ దీవుల మధ్య సందుల్లో నీరు వడిగా పారుతుంది. సీసపు గుండు నిలువుగా దిగకుండా పక్కకు కొట్టుకుపోతుంది. అరవై మీటర్ల లోతు చేరడానికి వంద మీటర్ల దారం పోవచ్చు. రీలు ఎంపిక ఇక్కడే మొదలవ్వాలి. ఎంత లోతులో, ఏ చేపకు, ఎరను విసిరి లాగడానికా, నిలువుగా దించడానికా అన్నది తేల్చుకోకుండా కంపెనీ పేరు మాట్లాడటం వృథా.

అరచెయ్యి చేసిన పని

గాలపు దారాన్ని చేత్తోనే వదిలి చేత్తోనే లాగే జాలరులు ఇప్పటికీ మన తీరమంతా ఉన్నారు. వేళ్లకు రబ్బరు ముక్కో గుడ్డ పీలికో చుట్టుకుంటారు. పెద్ద సూర లాగినప్పుడు దారం వేళ్ల మధ్య నుంచి జారుతుంది. ఎంత నొక్కిపట్టాలో, ఎప్పుడు సడలించాలో వాళ్ల చర్మానికి తెలుసు. కోనెం పట్టే వాళ్ల చేతుల మీద అడ్డంగా గాట్లు చూస్తే ఆ చదువు ఖరీదెంతో అర్థమవుతుంది.

రీలు చేసే పని ఆ అరచేతి పనే. కానీ ఆ పని రీలుకు చాలా ఆలస్యంగా వచ్చింది. దారం చుట్టే చక్రం పాతదే. 1195 నాటిదని చెప్పే ఒక చీనా చిత్రంలో, మా యువాన్ గీసినది, పడవలో కూర్చున్న మనిషి గాలపు కర్రకు రీలు కనబడుతుంది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు గేర్లు పెట్టిన రీలు చేశాడు. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే దారం చుట్టుకునే స్పూలు అంతకంటే ఎక్కువ తిరుగుతుంది. ఇంతా జరిగినా పెద్ద చేప పరిగెత్తితే మాత్రం హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల కణుపులు విరగ్గొట్టేది. దారాన్ని ఆపడానికి తోలుముక్కను బొటనవేలితో స్పూలు మీద అదిమిపట్టేవారు.

1913లో కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న సాంటా కటలీనా దీవి దగ్గర విలియం బోషెన్ అనే ఆయన రాడ్డూ రీలుతో కత్తిమూతి చేపను పట్టాడు. అంతకు ముందు ఆ చేపను అలా పట్టినవాళ్లు లేరు. ఆయన వాడిన రీలులో కొత్త ఏర్పాటు ఉంది. పొరలు పొరలుగా పేర్చిన రాపిడి బిళ్లలు, వాటిని బిగించడానికి హ్యాండిల్ పక్కన నక్షత్రం ఆకారంలో ఒక చక్రం. చేప లాగితే హ్యాండిల్ కదలదు, బిళ్లల మధ్య రాపిడికి ఎదురీది స్పూలు మాత్రం తిరుగుతుంది. ఆలోచన బోషెన్‌ది, తయారీ బ్రూక్లిన్‌లోని జూలియస్ వామ్ హోఫ్‌ది. దాన్నే మనం ఇవాళ డ్రాగ్ అంటున్నాం. వందేళ్ల పైచిలుకు గడిచినా సముద్రపు రీలుకు గుండెకాయ అదే.

ఏ రకం రీలు?

సముద్రంలో దిబ్బల మీద పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి రాడ్డు కింద వేలాడే స్పిన్నింగ్ రీలు, రెండోది రాడ్డు మీద కూర్చునే ఓవర్‌హెడ్ రీలు.

స్పిన్నింగ్ రీలులో దారం విసిరేటప్పుడు స్పూలు తిరగదు. దారం దాని ముందు అంచు మీద నుంచి చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. 1905లో దీనికి పేటెంటు తీసుకున్న ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో బట్టల మిల్లు యజమాని. కండె కొసనుంచి నూలు ఊడివచ్చే తీరు రోజూ చూసిన మనిషికి ఇలాంటి ఊహ తట్టడంలో వింత లేదు. విసరడం సులువు, దారం చిక్కుపడే బెడద తక్కువ. అందుకే దిబ్బ అంచున నీటి పైన తేలే పాపర్ అనే ఎర విసిరి జీటీని రెచ్చగొట్టే ఆటకు స్పిన్నింగ్ రీలుకు మించింది లేదు. అయితే ఇందులో దారం రోలర్ దగ్గర తొంభై డిగ్రీలు మలుపు తిరిగి స్పూలు మీదికి ఎక్కుతుంది. లోతు నుంచి బరువు ఎత్తేటప్పుడు ఆ మలుపు దగ్గర బలం కొంత వృథా అవుతుంది.

ఓవర్‌హెడ్ రీలులో ఆ మలుపు లేదు. దారం తిన్నగా స్పూలు మీదికే వస్తుంది. ఒకే సైజులో పోలిస్తే ఎత్తే బలం దీనిదే ఎక్కువ. బొటనవేలు స్పూలు మీద ఆనించి గుండు దిగే వేగాన్ని పట్టి ఉంచవచ్చు. గుండు నేలను తాకిన ఆ చిన్న సడలింపు వేలికే తెలుస్తుంది. నలభై, యాభై మీటర్లు దాటిన లోతులో ఎర దించి అడుగు చేపల కోసం కాచుకోవడానికి, జిగ్ అనే లోహపు ఎరను పైకీ కిందికీ ఆడించే నిలువు జిగ్గింగ్‌కు నా ఓటు దీనికే. సన్నటి దారం, ఇరుకు స్పూలు, పొడవైన హ్యాండిల్ ఉన్న జపాను రీళ్లు నిదానంగా జిగ్ ఆడించే పద్ధతికోసమే పుట్టాయి. కొత్తవాళ్లకు దీంతో ఒక చిక్కు: చాలావాటిలో దారాన్ని వరసగా పరిచే ఏర్పాటు ఉండదు. ఎడమ బొటనవేలితో మనమే అటూ ఇటూ నడపాలి. మరిచిపోతే దారం ఒక పక్క గుట్టగా పేరుకుని సరిగ్గా పెద్ద చేప పడ్డప్పుడే బిగుసుకుంటుంది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, గ్రేట్ బారియర్ రీఫ్ పక్కన, మూడో దారి ఒకటుండేది. 1920లో మొదలైన ఆల్వీ కంపెనీ పడవ అంచుకు బిగించే పెద్ద చక్రాలు చేసేది. రాడ్డు ఊసే లేదు. చక్రం తిప్పి చేపను పైకి లాగడమే. దిబ్బ చేపను మొదటి క్షణంలోనే నేలనుంచి ఎత్తాలన్న సూత్రం ఆ మనుషులకు ఎంత బాగా తెలుసో ఆ మొరటు చక్రమే చెబుతుంది.

కరెంటు రీళ్లు కూడా ఉన్నాయి. రెండు మూడు వందల మీటర్ల లోతు నుంచి కిలో సీసాన్ని రోజంతా ఎత్తేవాళ్లకు అవి అవసరమే. ఎనభై మీటర్ల లోపు వేటకు వాటి జోలికి పోనక్కర్లేదు.

పాతిక కిలోలన్న మాట

రీలు పెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించే అంకె గరిష్ఠ డ్రాగ్. పదిహేను కిలోలు, పాతిక కిలోలు. పాతిక కిలోల బిగువును రెండున్నర మీటర్ల రాడ్డు కొసన, ఊగే పడవలో నిలబడి ఎవరు పట్టుకోగలరు? రాడ్డు పొడవు తులాదండమై పనిచేస్తుంది, కాకపోతే లాభం చేపకు. గట్టి మనిషికైనా ఎనిమిది, పది కిలోలకే నడుము పట్టేస్తుంది. అందుచేత ఆ పెద్ద అంకె మీకెప్పుడూ అక్కరకు రాదు. అది చెప్పేదల్లా రీలు కట్టుబడి గట్టిదని. పాతిక కిలోలు తట్టుకునే రీలు పది కిలోల దగ్గర నిమ్మళంగా పనిచేస్తుంది. పన్నెండు కిలోలే గరిష్ఠమైనది అదే పది దగ్గర ఆయాసపడుతుంది.

మీకు కావలసిన బిగువు ఎంతో దారమే చెబుతుంది. దారం తెగే బలంలో మూడో వంతుకు మించి డ్రాగ్ బిగించకూడదన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. ముళ్లు, పగడం గీతలు, చేప ఒక్క ఉదుటున లాగే లాగుడు, వీటన్నిటికీ మిగతా రెండు వంతులూ పోతాయి. అల్లిక దారాన్ని జపాను లెక్కలో పీఈ అంకెలతో అమ్ముతారు. ఆ అంకెను పదితో గుణిస్తే కనీసం అన్ని పౌండ్ల బలం అనుకోవచ్చు. పీఈ 4 అంటే నలభై పౌండ్లు, సుమారు పద్దెనిమిది కిలోలు. డ్రాగ్ ఆరు కిలోలు. పీఈ 8 అంటే ముప్పై ఆరు కిలోలు, డ్రాగ్ పన్నెండు. దాన్ని అంచనాతో కాకుండా సామాను తూచే చిన్న కొక్కెం కాటాతో కొలిచి పెట్టుకోండి. రేవులో ఉన్నప్పుడే దారాన్ని రాడ్డు కొసనుంచి కాటాకు కట్టి లాగితే సరిపోతుంది. చేప పడ్డాక మరలు తిప్పడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైనట్టు.

కొనేటప్పుడు కూడా ఆ కాటా జేబులో పెట్టుకుని వెళ్లమంటాను. దారం కట్టి నెమ్మదిగా లాగండి. స్పూలు కదలడానికి ముందు ముల్లు ఎంత దాకా పోయింది, కదిలాక ఎంత దగ్గర నిలిచింది అన్నది చూడండి. ఈ రెండింటి మధ్య తేడా ఎంత తక్కువైతే డ్రాగ్ అంత మంచిది. కదలక కదలక ఒక్కసారిగా జారే డ్రాగ్ సన్నదారాన్ని ఆ మొదటి కుదుపులోనే తెంపుతుంది. రాపిడి బిళ్లలు ఉన్నితో చేసినవి, కార్బన్ నారతో చేసినవి అని రెండు తరహాలు. నెమ్మదైన బిగువులో ఉన్నివి నునుపుగా ఉంటాయి. పెద్ద చేప పరుగులో రాపిడికి పుట్టే వేడిని తట్టుకునేది మాత్రం కార్బనే. జీటీ కోసమైతే ఇంకో ఆలోచన వద్దు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బిళ్లల బిగువు మారకపోయినా స్పూలు మీద దారం తరిగేకొద్దీ చేపకు తగిలే బిగువు పెరుగుతుంది. నిండు స్పూలు అడ్డుకొలత ఏడు సెంటీమీటర్లు, డ్రాగ్ ఎనిమిది కిలోలు అనుకోండి. చేప దారం లాక్కుపోయి అడ్డుకొలత ఐదు సెంటీమీటర్లకు దిగితే అదే డ్రాగ్ పదకొండు కిలోలు దాటుతుంది. మీరేమీ బిగించలేదు; చక్రం చిన్నదైంది, అంతే. దూరంగా పోయిన చేప దారం తెంపుకుపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. అందుకని అవసరానికి సరిగ్గా సరిపోయే చిన్న స్పూలు కన్నా కాస్త పెద్ద స్పూలు మేలు. సగం దారం పోయినా అడ్డుకొలత అంతగా తగ్గదు.

దారానికి తగిన స్పూలు

ఇప్పటి అల్లిక దారాలు ఒక ప్రత్యేకమైన పాలిథిలిన్ నారతో చేసినవి. నైలాన్ దారంతో పోలిస్తే అదే బలానికి చాలా సన్నం. పీఈ 4 దారం మందం మిల్లీమీటరులో మూడో వంతు. సన్నదారాన్ని ప్రవాహం తక్కువగా తోస్తుంది, గుండు తిన్నగా దిగుతుంది, తేలిక సీసంతో పని జరుగుతుంది. సాగుడు లేకపోవడం వల్ల అరవై మీటర్ల కింద చేప ముట్టినా చేతికి తెలుస్తుంది. సాగని దారం వల్లే డ్రాగ్ మీద భారమంతా పడుతోందన్న సంగతీ మరవకూడదు. నైలాన్ కాలంలో దారమే సాగి ఆ మొదటి కుదుపును కొంత మింగేసేది. ఇప్పుడు ఆ పని రీలే చేయాలి.

అడుగు చేపలకు పీఈ 3 నుంచి 5, జీటీకి పీఈ 8 మామూలు. ఏదైనా మూడు వందల మీటర్లకు తక్కువ చుట్టవద్దు. పగడానికి గీరుకుని కొసన పది, ఇరవై మీటర్లు తెగ్గోయవలసి రావడం ప్రతి యాత్రలోనూ జరిగేదే. నునుపైన లోహపు స్పూలు మీద అల్లిక దారం మొత్తం చుట్ట చుట్టగా జారిపోతుంది; డ్రాగ్ చెడిపోయిందేమో అనిపిస్తుంది. ముందుగా కొన్ని చుట్లు నైలాన్ చుట్టి, దాని మీద అల్లిక దారాన్ని బిగుతుగా ఎక్కించాలి. వదులుగా చుడితే చేప లాగినప్పుడు పై దారం కింది వరసల్లోకి దిగబడి ఇరుక్కుంటుంది.

స్పిన్నింగ్ రీళ్ల సైజులు 5000, 8000, 14000 అని అంకెల్లో ఉంటాయి. ఆ అంకెలు ఏ కంపెనీకి ఆ కంపెనీవే. షిమానోలో 14000 అన్నదానికి దగ్గరగా ఉండేది పెన్‌లో 8500. కనుక సైజు అంకె వదిలేసి, నాకు కావలసిన పీఈ దారం ఎన్ని మీటర్లు పడుతుందని అడగండి. జవాబు పట్టికలో ఉంటుంది.

గేర్ల గురించి ఎక్కువ చెప్పను. హ్యాండిల్ ఒక చుట్టుకు స్పూలు మీదికి దారం ఎన్ని చుట్లు ఎక్కుతుందన్నదే గేరు నిష్పత్తి. నాలుగున్నరకు కాస్త అటూ ఇటూ ఉన్నది బరువు లాగుతుంది, ఆరు దాటింది వేగంగా చుడుతుంది. పాపర్‌తో జీటీకి వేగం కావాలి. చేప మీ వైపే దూసుకొస్తే సడలిన దారాన్ని వెంటనే లాగాలి కాబట్టి. అడుగునుంచి గ్రూపర్‌ను ఎత్తడానికి తక్కువ నిష్పత్తి సుఖం. గేర్లనగానే సైకిలు గుర్తొస్తే అది సరైనదే. షిమానో 1921లో ఒసాకా దగ్గరి సకాయ్‌లో మొదలై సైకిలు గేర్లతో పేరు తెచ్చుకుని, 1970లో గాలాల సామాను వైపు వచ్చింది.

ఉప్పు తినే లోహం

రీలును చంపేది చేప కాదు, ఉప్పు. రాపిడి బిళ్లలు ఎంత మంచివైనా వాటి మధ్య ఉప్పు గడ్డకడితే దారం వదిలే నునుపు పోయినట్టే. స్పిన్నింగ్ రీలులో మొదట మొరాయించేది దారం తిరిగే రోలర్ లోని బుల్లి బేరింగ్. అది పట్టేస్తే దారం దాని మీద ఈడ్చుకుంటూ పోయి వేడెక్కి పాడవుతుంది. పద్నాలుగు బేరింగులని గర్వంగా రాసుకున్న చవక రీలు కన్నా ఐదారు మంచి బేరింగులకు సరైన మూత ఉన్నది ఎన్నో రెట్లు నయం.

నీరు చొరబడకుండా ఒక్కో కంపెనీ ఒక్కో ఉపాయం చేసింది. రబ్బరు సీళ్లు మామూలు. డైవా అయస్కాంతానికి అతుక్కుని నిలిచే నూనెనే అడ్డుగోడగా వాడుతుంది. సీలు గట్టితనాన్ని ఐపీఎక్స్ అనే అంతర్జాతీయ కొలతలో చెబుతారు. ఐపీఎక్స్ 5 అంటే నలువైపుల నుంచీ నీటి ధార కొట్టినా లోపలికి పోకూడదు, 8 అంటే నీట మునిగి ఉన్నా తట్టుకోవాలి. ఆ పరీక్షలు మంచినీటితో, కొత్త రీలు మీద చేసేవి. మూడేళ్లు వాడిన సీలు గురించి ఆ అంకె ఏమీ చెప్పదు.

శరీరం అల్యూమినియందా, నార కలిపిన ప్లాస్టిక్‌దా అన్నది పెద్ద రీళ్లలో ముఖ్యం. ప్లాస్టిక్ తుప్పు పట్టదు, నిజమే. కానీ పది కిలోల లాగుడులో శరీరం ఏమాత్రం వంగినా లోపల గేరు పళ్లు ఒకదాన్నొకటి సరిగా పట్టుకోవు. అరుగుదల అక్కడ మొదలవుతుంది. పీఈ 3 దాకా ప్లాస్టిక్ శరీరం సరే. ఆపైన లోహమే తీసుకోండి. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్‌కు తోడుగా పంటి కొక్కెం కూడా ఉందేమో అడగండి. పాకిన గ్రీజుకు క్లచ్ జారితే వేళ్లను కాపాడేది అదే.

రేవుకు తిరిగి రాగానే డ్రాగ్ బిగించి, పలచటి మంచినీటి జల్లుతో కడగండి. పైపు ధారతో కొట్టవద్దు. ఆ ఒత్తిడికి ఉప్పు సీలు దాటి లోపలికి పోతుంది. బకెట్లో నానబెట్టడమూ తప్పే. నీడన ఆరాక డ్రాగ్ పూర్తిగా సడలించి దాచండి. బిగించి వదిలేస్తే బిళ్లలు అణిగిపోయి మళ్లీ సీజనుకు ఆ నునుపు ఉండదు.

ఖరీదు లక్ష దాకా పోయే షిమానో స్టెల్లా, డైవా సాల్టిగా వంటివి నిజంగానే గొప్ప రీళ్లు. ఏటా పదే పదే జీటీ వెంట తిరిగేవారికి ఆ డబ్బు దండగ కాదు. రెండు మూడేళ్లకోసారి అండమాన్ వెళ్లే ఉద్యోగికి అంత అక్కర్లేదు. అందులో మూడో వంతు ధరకు వచ్చే మధ్యరకం లోహపు రీళ్లు అదే చేపలను ఆపుతాయి. తేడా వాటి బరువులో, మన్నికలో. కొనేముందు దుకాణదారుడిని ఒక్కటి అడగండి: డ్రాగ్ బిళ్లలు, రోలర్ బేరింగ్ విడిగా తెప్పించి ఇస్తారా? ఇవ్వలేనంటే ఎంత తగ్గింపు ఇచ్చినా ఆ రీలు వద్దు. దొంగ సరుకు మీద పేరున్న కంపెనీల ముద్ర కొట్టి అమ్మడం ఎక్కువైంది కాబట్టి సగానికి సగం ధర చెప్పేవాళ్ల దగ్గరికి అసలే పోకండి.

చేప మీదా, దిబ్బ మీదా బాధ్యత

తగని రీలు వల్ల నష్టం మనకొక్కరికే కాదు. చిన్న రీలుతో పెద్ద చేపను అరగంట ఆడించి, ఫొటో తీసుకుని వదిలేస్తే అది ఈదుకుంటూ పోయినట్టే కనబడుతుంది. కానీ కండరాలు అలసి సొలసిన ఆ చేపను అక్కడే కాచుకున్న సొరచేప సులువుగా పట్టేస్తుంది. అండమాన్‌లో జీటీలను పట్టి వదిలేయడం క్రీడగా వేటాడేవాళ్లలో ఆచారంగా స్థిరపడింది. ఆ ఆచారానికి అర్థం ఉండాలంటే చేపను త్వరగా పడవ దగ్గరికి తేగల రీలు ఉండాలి. బలమైన రీలు అహంకారం కాదు, చేప పట్ల దయ.

తెగిన దారం ఇంకో ప్రమాదం. అల్లిక దారం నీటిలో కుళ్లదు. పగడపు కొమ్మలకు చుట్టుకుని అలల ఊపుకు ఏళ్ల తరబడి వాటిని కోస్తూనే ఉంటుంది. దారం బలం కన్నా ఎక్కువగా డ్రాగ్ బిగించినవాడు తెంపేసే ప్రతి వంద మీటర్లూ దిబ్బ మీదే ఉండిపోతాయి.

లోతు నుంచి ఎత్తిన చేప సంగతి మరీ సున్నితం. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ముప్పై మీటర్ల నుంచి పైకి వచ్చిన చేప గాలితిత్తిలోని గాలి నాలుగింతలు ఉబ్బడానికి చూస్తుంది, అరవై మీటర్లయితే ఏడింతలు. కళ్లు పొంగి, పొట్ట నోట్లోకి వచ్చిన చేపను అలాగే నీట్లో పడేస్తే అది మునగలేదు, తేలుతూ చస్తుంది. బరువు కట్టిన కొక్కెంతో దాన్ని మళ్లీ లోతుకు దించి వదిలితే బతికే అవకాశం ఎక్కువ. అమెరికాలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో దిబ్బల మీద గాలం వేసే పడవల్లో ఇలాంటి సాధనం గానీ, ఉబ్బిన గాలిని వదిలించే సూది గానీ సిద్ధంగా ఉంచుకోవాలని 2022 జనవరి నుంచి చట్టం అమలుచేశారు. గాల్వెస్టన్ నుంచి రెడ్ స్నాపర్ వేటకు వెళ్లే టెక్సాస్ తెలుగువారికి ఇది కొత్త కాదు. మన పడవల్లోనూ పాత రీలొకటి, కిలో సీసం, ముల్లు మొన లేని కొక్కెం కలిపి ఈ పనికి కేటాయించడం కష్టమేమీ కాదు.

చట్టం కూడా తెలుసుకుని దిగాలి. వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనంలో, అది 1983 నుంచి ఉంది, వేట నిషేధం. పగడాలు, జెయింట్ గ్రూపర్ వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జాతులు. పొరపాటున ఆ గ్రూపర్ పడితే నీటిలో ఉండగానే విడిచిపెట్టాలి. పడవ నడిపే తండేలుకు అనుమతులున్నాయో లేదో, లంగరు పగడాల మీద వేస్తాడో ఇసుకలో వేస్తాడో ముందే మాట్లాడుకోండి.

మొదటిసారి వెళ్లేవారు అసలు రీలు కొనకండి. వేటకు తీసుకెళ్లే పడవల వాళ్ల దగ్గరే అద్దెకు తీసుకుని స్పిన్నింగ్ ఒక రోజు, ఓవర్‌హెడ్ ఒక రోజు వాడి చూడండి. మీ నడుము ఎన్ని కిలోల బిగువు పట్టగలదో అప్పుడే తెలుస్తుంది. తర్వాత కొనాలనుకుంటే పాపర్ ఆటకు పీఈ 8 దారం మూడు వందల మీటర్లు పట్టే లోహపు స్పిన్నింగ్ రీలు, అడుగు చేపలకు పీఈ 4 పట్టే ఓవర్‌హెడ్ రీలు కొనండి. రెండూ ఒకేసారి అక్కర్లేదు. ఒక్కటే కొనగలిగితే ఓవర్‌హెడ్ తీసుకోండి. దిబ్బ మీద చేప ఎక్కువగా ఉండేది అడుగునే. మిగిలిన డబ్బు మంచి దారానికి, కొక్కెం కాటాకు, ఏడాదికోసారి రీలు విప్పించి గ్రీజు పెట్టించడానికి ఖర్చుపెట్టండి.